ఇసుక మీద పద్దెనిమిది, తారు మీద నలభై ఆరు

2023 జూన్. సముద్రంలో చేపల వేట నిషేధం తీరిన వారం. గోపాలపట్నంలో హైవేని ఆనుకుని ఉన్న టైర్ల షాపులో నేను చేరి అప్పటికి మూడేళ్ళు. మా పనులు ముఖ్యంగా మూడు. వీల్ అలైన్‌మెంట్ అంటే నాలుగు చక్రాలూ ఒకే దారి చూసేలా సరిచేయడం. బ్యాలెన్సింగ్ అంటే తిరిగే చక్రం ఒక పక్కకి అదరకుండా రిమ్ముకి చిన్న బరువులు అంటించడం. ఈ రెండూ ఎప్పట్నించో ఉన్నవే. మూడోది ఈమధ్యే పెరిగింది. గాలి తీయడం.

గాలి నింపించుకోవడానికి అందరూ వస్తారు. తీయించుకోవడానికి ఎవరు వస్తారని మా ఇంట్లో ఇప్పటికీ అడుగుతారు. ఉక్కునగరం నుంచి, పోర్టు వైపు నుంచి కొత్తగా ఫోర్ వీల్ డ్రైవ్ బళ్ళు, అంటే నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందే బళ్ళు, కొన్నవాళ్ళు వస్తారు. ఆదివారం ఏదో ఒక ఇసుకలో దింపాలని వాళ్ళ సరదా. నిండుగా గాలి ఉన్న టైరు ఇసుకలో దిగబడిపోతుంది. మెత్తటి ఇసుకలో మడమ మీద నిలబడితే కాలు దిగుతుంది, అదే ఇసుక మీద వెల్లకిలా పడుకుంటే ఒళ్ళు దిగదు. నిండు టైరు మడమ మీద నిలబడ్డ మనిషి. గాలి సగం తీస్తే అది కాస్త పడుకుంటుంది. నేలకి ఆనే మేర పొడుగవుతుంది. దీన్ని ఫుట్‌ప్రింట్ అంటాం. బరువు అంతే ఉంటుంది, పంచుకునే చోటు పెరుగుతుంది.

అయితే ఎంత తీయాలన్నదే అసలు ప్రశ్న. మరీ ఎక్కువ తీస్తే టైరు అంచు రిమ్ముని వదిలేస్తుంది. ఆ అంచుని బీడ్ అంటారు. దాన్ని రిమ్ముకి అదిమి పట్టుకుని ఉండేది లోపలి గాలే. గాలి చాలకుండా మలుపు తిప్పితే టైరు ఒక పక్క, రిమ్ము ఒక పక్క. కాబట్టి నా దగ్గర గాలి ఒత్తిడిని పౌండ్లలో కొలిచే సొంత గేజ్ ఉంటుంది. రోజూ షాపు తెరవగానే దాన్ని దేనికీ తగిలించకుండా ఒకసారి చూస్తాను. ముల్లు సున్నా మీద ఉండాలి. ఏ టైరునీ ముట్టకముందే ముల్లు రెండు మీద నిలబడి ఉంటే, ఆ రోజు చూసిన ప్రతి టైరూ రెండు ఎక్కువ చూపిస్తుంది. దాన్ని జీరో ఎర్రర్ అంటారు. తేడా టైరులో ఉండదు, కొలిచే దానిలో ఉంటుంది.

సుధాకర్ దగ్గర గేజ్ ఉండదు.

సుధాకర్‌ది వన్ టౌన్. పాలిటెక్నిక్‌లో నా పక్క బెంచీ. షాపులో నా పక్క స్టూలు. అతను టైరుని బూటు మొనతో ఒక తన్ను తన్ని "ఇరవై ఉంటాది" అంటాడు. నేను చూస్తే పదహారో, ఇరవై నాలుగో ఉంటుంది. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ పట్టదు. అతని మీద నాకున్న అసూయకి కారణాలు వరుసగా చెప్పగలను. ఒకటి, షాపులోకి వచ్చిన ప్రతివాడూ మొదట అడిగేది "సుధాకర్ బావ లేడా?" అని. రెండు, నన్ను "ఆ గేజు అబ్బాయి" అంటారు. మూడు, అతను తప్పు చెప్పినప్పుడు కూడా వినేవాళ్ళ మొహాలు వెలుగుతాయి, నేను సరైనది చెప్పినప్పుడు కూడా వాళ్ళు నా వెనక గోడమీది కేలెండరు చూస్తుంటారు. నాలుగోది అన్నిటికంటే బాధ. మనిషి మంచివాడు. తిట్టుకోవడానికి కూడా వీలివ్వడు.

ఆ వారంలో ఎల్లాజీ వచ్చాడు. భీమిలి దారిలో ఒక పల్లె. వేట కుటుంబం. సెకండ్ హ్యాండులో ఫోర్ వీల్ డ్రైవ్ పికప్ కొన్నాడు. ముందు క్యాబిన్, వెనక సరుకు వేసుకునే తొట్టి. దిగుతూనే అడిగాడు.

"సుధాకర్ బావ ఉన్నాడా?"

"టీకి వెళ్ళాడు. చెప్పండి, నేను చూస్తాను."

"నేదు నేదు. ఆయనొచ్చీదాకా కూకుంటాను."

కూర్చున్నాడు. నేను ఆలోగా అతని టైర్ల వయసు చూశాను, పక్క గోడల పగుళ్ళు చూశాను, నాలుగు వాల్వులూ సబ్బు నీళ్ళతో పరీక్షించాను. సుధాకర్ వచ్చి అతని భుజం మీద చెయ్యేశాడు. అప్పుడు గానీ ఎల్లాజీ నోరు విప్పలేదు.

"మా పల్లికి తారు రోడ్డుంది బావా. బోట్లొచ్చీ కాడికి నేదు. మద్దిలోనంతా ఇసకే. ఇన్నాళ్ళూ మా గురయ్య బావ ట్రాక్టరే దిక్కు. ఆడెప్పుడొత్తే అప్పుడే సేపలు రోడ్డెక్కాల. ఐసు కరిగిపోనాక వొత్తాడు, పళ్ళు కుట్టుకుంటా."

"గురయ్యెవరు, మేనత్త కొడుకా?" అన్నాడు సుధాకర్.

"మా ఇంటిదాని అన్న."

"అయితే కోపం పనికిరాదు బావా."

"కోపమెవలికి? నాకు కోపం నేదు. కడుపుమంట." ఎల్లాజీ అంత మామూలుగా అన్నాడు. "ఆడు ట్రాక్టరెక్కి కూకుంటే పల్లంతా కింద నిలబడి 'గురయ్యా, గురయ్యా' అని బతిమాల్తారు. నాను కూడాను. ఎన్నేళ్ళు బతిమాల్తాను?"

షాపులో అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఆ మాట చెప్పినవాడి మీద నాకు ఒక్కసారిగా చాలా దగ్గరితనం కలిగింది.

విషయం ఇది. నిషేధం తీరాక మొదటి వేట సరుకుని తన బండిలోనే రోడ్డెక్కిస్తానని ఎల్లాజీ బోట్లవాళ్ళందరికీ మాటిచ్చాడు. దిగబడకుండా ఎక్కిస్తే ఇకమీదట సరుకు అతనిది. దిగబడితే ఆ పల్లెలో మళ్ళీ ఎవరూ అతని బండిలో ఒక్క ట్రే కూడా పెట్టరు. ఆ బండి తప్ప అతనికిక వేరే ఆధారం లేదు. బోటులో ఉన్న వాటా వదులుకుని మరీ అది కొన్నాడు.

నేను లెక్క చెప్పాను. "ఇసుకలో ఖాళీ బండికి నాలుగు చక్రాలకీ పద్దెనిమిది. సరుకుతో అయితే ముందు పద్దెనిమిది, వెనక ఇరవై నాలుగు. తారెక్కిన వెంటనే ముందు ముప్ఫై నాలుగు, వెనక నలభై ఆరు. సరుకు మాత్రం క్యాబిన్‌ని ఆనుకునే పెట్టాలి."

ఎల్లాజీ సుధాకర్ వైపు చూశాడు, అర్థం చెప్పమన్నట్టు.

"నెలలు నిండిన మనిషి పీట మీద కూకున్నట్టుండాలి బావా టైరు. అంతే."

"అదీ! సెప్పడమంటే అదీ!" అని ఎల్లాజీ తొడ చరిచాడు. "ఆ రోజు నువ్వు రావాల బావా. నువ్వొత్తేనే బండి దింపుతాను."

మా యజమాని సుధాకర్‌ని పంపడానికి ఒప్పుకున్నాడు. కంప్రెసరు మోయడానికి నన్ను పంపాడు.

మేము వెళ్ళేసరికి ఎండ ఇంకా ముదరలేదు. బండికి పసుపు రాసి, బొట్లు పెట్టి, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. ఎల్లాజీ భార్య నూకరత్నం కొబ్బరికాయ పట్టుకుని నిలబడింది. ఆవిడ బజారులో చేపలమ్మే మనిషి. మాట వినిపిస్తే చాలు బేరం ఆగిపోయే గొంతు. కాస్త దూరంలో గురయ్య ట్రాక్టరు మీద కూర్చుని, స్టీరింగు మీద మోచేతులు పెట్టుకుని చూస్తున్నాడు. కిందికి దిగలేదు.

"ఏటి బావా, నిమ్మకాయలు సాలా? ఇంకో బస్తా తెప్పించీమా?" అన్నాడు పైనుంచి.

"నీ ట్రాక్టరుకి దిష్టి తీయడానికి దాసుంచాను బావా కొన్ని," అన్నాడు ఎల్లాజీ.

తారు అంచున నిలిపి ఉన్న బండికి నేను గాలి తీశాను. వాల్వులో సన్నటి పిన్ను ఉంటుంది. దాన్ని విప్పే చిన్న పనిముట్టుతో గాలి వదులుతూ, ఆపి ఆపి గేజ్ పెట్టి చూడాలి. పద్దెనిమిది, పద్దెనిమిది, పద్దెనిమిది, పద్దెనిమిది. బండి కదిలింది. నిమ్మకాయలు చితికాయి. ఒకదాని రసం నా చొక్కా మీద పడింది.

ఖాళీ బండి ఇసుక మీద తేలిపోయింది. ఎల్లాజీ నడుపుతుంటే పక్క సీట్లో సుధాకర్ కిటికీలోంచి సగం బయటికొచ్చి చెయ్యి ఊపాడు. నీటి అంచు దాకా వెళ్ళి, పెద్ద మలుపు తిరిగి, తిరిగి వచ్చారు. ఈలలు. ఎవరో సుధాకర్ మెడలో బంతిపూల దండ వేశారు. ఒక పెద్దాయన నన్ను చూసి "బాబూ, ఆ ఫోటో కాత్త నువ్వు తియ్యి" అన్నాడు. తీశాను. బాగా వచ్చింది. నా నాలుగు పద్దెనిమిదులు ఆ ఫోటోలో కనిపించవు.

తర్వాత బోట్లొచ్చాయి. సరుకు ఎక్కించడానికి బండి నీటి అంచుకి వెళ్ళింది. సుధాకర్ వాళ్ళతో వెళ్ళాడు. నేను తారు రోడ్డు దగ్గరే కంప్రెసరు గొట్టాలు విప్పుకుంటూ ఉండిపోయాను. వెనక టైర్లకి సరుకెక్కాక ఇరవై నాలుగు చేయమని చేతి పంపు సుధాకర్‌కి ఇచ్చాను. చేశాడట. బూటుతో తన్ని చూశాడట కూడా.

కేకలు వినపడి తల ఎత్తేసరికి బండి ఇసుక మధ్యలో ఆగిపోయి ఉంది. చక్రాలు వేగంగా తిరుగుతున్నాయి, ఇసుక వెనక్కి చిమ్ముతోంది. నేను పరిగెత్తాను. "తొక్కొద్దు! తొక్కొద్దు!" అని అరిచాను. నా గొంతు పది అడుగులు దాటి వెళ్ళదు. నేను చేరేలోగా ఎల్లాజీ ఇంకా తొక్కాడు. వెనక ఇరుసు ఇసుకని తాకింది.

చుట్టూ తిరిగి చూశాను. వెనక చక్రాలు సగం దాకా దిగిపోయాయి. ముందు చక్రాలు మాత్రం ఇసుక మీద ఊరికే ఆనుకుని ఉన్నాయి. బండి ముక్కు ఆకాశం వైపు చూస్తోంది. అప్పుడు తొట్టి చూశాను. ఐసు నింపిన ట్రేలన్నీ తోక చివర, తలుపుని ఆనుకుని, నిలువుగా పేర్చి ఉన్నాయి. క్యాబిన్ వైపు సగం తొట్టి ఖాళీ.

"సరుకు వెనక్కి ఎందుకు పెట్టారు?" అని అడిగాను.

ట్రేలు పేర్చిన ముసలాయన నన్ను విచిత్రంగా చూశాడు. "ముక్కు లెగాల కదేటి బాబూ? ముక్కు లెగకపోతే అలెలాగ దాట్తాది?"

నలభై ఏళ్ళుగా ఆయన చేతులు చేసిన పని అది. బోటులో బరువు వెనక్కి వేస్తారు. ముక్కు లేస్తుంది, అల కింద నుంచి పోతుంది. ఆ చేతులే ఇవాళ పికప్‌ని కూడా బోటులాగే నింపాయి. ఎవరికీ తప్పుగా తోచలేదు. పక్కనే దండ వేసుకుని నిలబడ్డ సుధాకర్‌కి కూడా తోచలేదు. బండికి అల లేదు. ముక్కు లేస్తే ముందు చక్రాలకి పట్టు పోతుంది, భారమంతా వెనక రెండు చక్రాలే మోయాలి. ఫోర్ వీల్ డ్రైవ్ బండి రెండు కాళ్ళ మీద నిలబడ్డట్టు.

ఈలోగా ట్రాక్టరు చప్పుడు దగ్గరైంది. గురయ్య వచ్చి ముందు ఆపాడు. ఈసారి దిగాడు. చేతిలో మోకు.

"లాగీమంటావా బావా?"

ఎల్లాజీ స్టీరింగు వదల్లేదు.

"ఊరికే లాగుతాను. డబ్బులేటి వొద్దు," అన్నాడు గురయ్య, అందరికీ వినపడేలా. "రేపట్నుంచి సరుకు మాత్రం నా ట్రక్కులోనే. ఇసకలో నాలుగడుగులెయ్యలేని బండికి సేపలెందుకు?"

బోట్లవాళ్ళు నేల చూస్తున్నారు. అందులో న్యాయం వాళ్ళకి కనిపిస్తోంది. ఐసు కరుగుతోంది. పోటు మొదలైంది, అంతకుముందు పొడిగా ఉన్న చోట నురగ వచ్చి పోతోంది. ఉప్పునీళ్ళు ఇరుసు దాకా వస్తే బండి పని అయినట్టే. ఎల్లాజీ మొహం చూడలేక నేను చక్రం చూశాను.

నూకరత్నం అన్న దగ్గరికి నడిచింది. "అన్నా, తాడు బండికి తగిలిత్తే నీకూ నాకూ మాటల్నేవు."

"నీ మంచికే సెప్తన్నానే."

"నా మంచి నాకు సూసుకోడం తెలుసు. ఆగు."

అందరూ సుధాకర్ వైపు తిరిగారు. సుధాకర్ దండ సర్దుకుని, వెనక టైరుని ఒక తన్ను తన్ని, "పదికి దించీడమే బావా!" అన్నాడు. "పదికి దించితే చాపలాగ పరుచుకుంటాది. ఎగిరొచ్చీస్తాది."

జనం హుషారయ్యారు. ఒకడు పాత వల తెచ్చి చక్రాల ముందు పరచబోయాడు.

ఇక్కడ నేను చేసినది చెప్పాలి. ముందు వల లాగి పారేశాను. చక్రం తిరిగితే అది ఇరుసుకి చుట్టుకుని బిగుసుకుపోతుంది, మరి కోసినా రాదు. తర్వాత నాకు తెలిసిన పద్ధతిలో అందరికీ చెప్పడం మొదలుపెట్టాను. "ఒకటి, సరుకు దించాలి. రెండు, వెనక చక్రాల ముందూ వెనకా ఇసుక తీయాలి. మూడు..."

"బళ్ళో పాఠం సెప్తన్నాడేటి ఈ బాబు?" అన్నాడొకడు. రెండోవాడు "ఎక్కించిన మొదటి సరుకు మళ్ళా ఇసక మీద దించుతారేటి? ఎక్కడైనా ఉందా?" అన్నాడు. నా మూడు అక్కడే ఆగిపోయింది.

నేను సుధాకర్ చెయ్యి పట్టుకుని బండి వెనక్కి లాక్కెళ్ళాను.

"పది వద్దు. ఇంత బరువుతో పదికి దించితే బీడ్ వదిలేస్తుంది. అప్పుడు ట్రాక్టరు కూడా లాగలేదు."

"మరెంత?"

"వెనక పదహారు. ముందు కూడా పదహారు. కానీ అసలు సంగతి గాలి కాదు. తొట్టి చూడు."

చూశాడు. ఒక్క క్షణం. "అయ్యబాబోయ్," అన్నాడు మెల్లగా. "ముక్కు లేపీసినారు."

"దించరట. పైనే జరపాలి. నలుగురు తొట్టిలోకెక్కి ట్రేలన్నీ క్యాబిన్ వైపుకి. స్టీరింగు తిప్పకుండా మొదట తన జాడలోనే వెనక్కి, తర్వాత తిన్నగా ముందుకి. మలుపు లేదు. గేరు మార్చడం లేదు."

"మరి చెప్పు వాళ్ళకి."

"చెప్పాను. వినలేదు."

సుధాకర్ నన్ను చూసి నవ్వాడు. వెటకారం లేదు ఆ నవ్వులో. అదుంటే బాగుండేది. "నువ్వు నా పక్కన నిలబడి చెప్పు. నేను అరుస్తాను," అన్నాడు.

అలాగే జరిగింది. నేను చెవిలో "ట్రేలు ముందుకి" అంటే అతను "ఒరే! ఇది బోటనుకున్నార్రా? అలేది? ఎక్కడుంది అల? మీ మావగారింట్లో ఉందేటి? జరపండ్రా ముందుకి!" అన్నాడు. జనం పగలబడి నవ్వారు. నవ్వుతూ నవ్వుతూనే తొట్టిలోకి ఎక్కేశారు. నన్ను విచిత్రంగా చూసిన ముసలాయన అందరికంటే ముందు ఎక్కాడు. నేను "ఇసుక తీయాలి" అంటే అతను "నూకరత్నం వొదినా, మీ ఆయన దిగబడ్డాడు, తవ్వి తీసుకోండి" అన్నాడు. ఆడవాళ్ళు గంపలతో వచ్చి చక్రాల చుట్టూ ఇసుక తోడేశారు. నా మాటలే అవి. ఒక్కొక్కటీ నా నోట్లోంచి బయల్దేరి, అతని నోట్లోంచి బయటికొచ్చేసరికి ప్రాణం పోసుకుంటోంది. అంత దగ్గర్నుంచి చూడ్డం కష్టం.

ట్రేలు ముందుకి జరిగేకొద్దీ బండి ముక్కు కిందికి వచ్చింది. ముందు టైర్లు కూర్చున్నాయి. నేను మోకాళ్ళ మీద కూర్చుని నాలుగూ పదహారుకి దించాను. నురగ నా మడమలకి తగిలింది.

"వెనక్కి, మెల్లగా," అన్నాను నేను.

"ఎనక్కి బావా! పెళ్ళికూతురు నడిచినట్టు!" అన్నాడు సుధాకర్.

బండి తన జాడలోనే రెండు మూరలు వెనక్కి వచ్చింది. తర్వాత ముందుకి. ముందు చక్రాలు ఇసుకని పట్టుకున్నాయి. ఒకచోట తటపటాయించింది. ఎల్లాజీ తొక్కబోయి ఆగాడు. అదే వేగంతో, ఏనుగు నడిచినట్టు, ట్రాక్టరు పక్కనుంచి, గురయ్య చేతిలో మోకు పక్కనుంచి, తిన్నగా రోడ్డు వైపు వెళ్ళిపోయింది.

నేను వెనకే పరిగెత్తాను. జనం సుధాకర్‌ని ఎత్తుకున్నారు.

తారు రోడ్డెక్కాక ఎల్లాజీ ఆపలేదు. ఆగకుండా బజారుకి పోదామనే చూశాడు. నేను ముందుకెళ్ళి నిలబడి, ఆపించి, కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తీసేశాను.

"ఏటి బాబూ ఇది?"

"గాలి నింపాలి."

"ఐసు కరిగిపోతంది! బజారుకెల్లాక నింపీసుకుంటాను. టైరు బాగానే ఉంది కదా, ఇసకలోంచే వొచ్చీసింది."

"ఇసుకలోంచి వచ్చింది కాబట్టే."

నాకు సుధాకర్‌లాగా మాటలు రావు. సుధాకర్ అక్కడ లేడు, జనం భుజాల మీద ఉన్నాడు. కంప్రెసరు బ్యాటరీకి తగిలిస్తూ, చేతికి దొరికిన కట్టు తీగ ముక్క ఒకటి తీసి, బండి వెనకే పరిగెత్తుకొచ్చిన నూకరత్నానికి ఇచ్చాను. "దీన్ని ఇటూ అటూ వంచండమ్మా. ఆపకుండా."

ఆవిడ వంచింది. వంచింది. "కాలుతంది," అంది వేళ్ళు విదిలిస్తూ. ఇంకోసారి వంచేసరికి తెగింది.

"గాలి తక్కువ ఉన్న టైరు ప్రతి చుట్టుకీ అలాగే పక్కల్లో వంగుతుంది. ఇసుకలో మెల్లగా పోతారు కాబట్టి తట్టుకుంటుంది. తారు మీద, ఇంత బరువుతో, వేగంగా పోతే హైవే మీద పేలుతుంది."

నూకరత్నం తెగిన ముక్కలు రెండూ మొగుడి ముందు పట్టుకుంది. "కాత్త ఆగితే ఐసు పోద్ది. ఆగకపోతే నువ్వు పోతావు. కూకో."

ఎల్లాజీ కూర్చున్నాడు. కంప్రెసరు చిన్నది, అరుస్తూ నెమ్మదిగా నింపుతుంది. నేను ఒక్కో చక్రం దగ్గర కూర్చుని గేజ్ చూస్తూ ఉంటే వాళ్ళిద్దరూ నన్నే చూశారు. ముందు ముప్ఫై నాలుగు. వెనక నలభై ఆరు. తాళం ఇచ్చేశాను. ఆ రోజు మొత్తంలో నా మాట నా గొంతుతో నెగ్గింది అక్కడొక్కచోటే. చూసినవాళ్ళు ఇద్దరు.

ఆ సరుకు బజారుకి చేరింది. అప్పట్నించి ఆ పల్లె సరుకు ఎల్లాజీదే.

వానాకాలంలో అతను బండికి రంగు వేయించుకుని షాపుకి తీసుకొచ్చాడు. బోట్లకి పేర్లు రాయించినట్టు బండికీ రాయించాడు. తోక తలుపు మీద ఈ చివర నుంచి ఆ చివరి దాకా, ఎర్ర రంగుతో, చుట్టూ చేపలతో: సుధాకర్ బావ. షాపంతా చప్పట్లు. సుధాకర్ సిగ్గుపడ్డాడు కూడా. నేను బండి చుట్టూ తిరిగాను, నాకు అలవాటు కాబట్టి. నాలుగు చక్రాల పైన, మడ్‌గార్డుల మీద, తెల్ల రంగుతో అంకెలు రాసి ఉన్నాయి. ముందు వాటి మీద ఇసక 18, తారు 34. వెనక వాటి మీద ఇసక 24, తారు 46.

"ఇవెవరు రాయించారు?" అని అడిగాను.

"మా ఇంటిది. నువ్వు సెప్పినవేనట కదా," అన్నాడు ఎల్లాజీ. "మర్సిపోతానని." అని సుధాకర్ కోసం తెచ్చిన కోనాం చేప దించడానికి వెళ్ళిపోయాడు. పేరు ఒక్కటీ చేప ఒక్కటీ సుధాకర్‌కి. అంకెలు నాలుగు జతలు నాకు. లెక్క ప్రకారం నావే ఎక్కువ. మండడానికి లెక్కతో పని లేదు.

ఈ కేసు అక్కడితో అయిపోయిందనే అనుకున్నాను. మరుసటి ఏడాది గురయ్య వచ్చాడు. ట్రాక్టరు ట్రక్కులో ఒక చక్రం వేసుకొచ్చాడు. టైరు రిమ్ముని వదిలి వేలాడుతోంది. అతనూ ఒక జీపు కొన్నాడు, పాతది, తేలికైనది. సరుకుకి కాదు, ఊరికే. బావకి ఉంటే తనకీ ఉండాలని.

"ఎంతకి దించారు గాలి?" అని అడిగాను.

కాసేపు ఇటూ అటూ చూశాడు. "మా బావ బండి మీద రాసున్నట్టే దించాను. ఇసకలో పద్దెనిమిది, ఎనక ఇరవైనాలుగు. దిగబడిపోనాది. బావ అంతకన్నా తక్కువకి దించినాడేమో, అబద్దం రాయించినాడేమోనని ఆ కోపంలో ఎనిమిదికి దించీసినాను. మలుపు తిప్పీసరికి ఇలగయ్యింది." చక్రాన్ని కాలితో తోశాడు. "నెంబర్లు తప్పు రాసినాడా ఆడు?"

"తప్పు కాదు. అవి అతని బండివి."

"బండంటే బండే కదా?"

"అతనిది పికప్. వెనక అంత సరుకు. మీ జీపు దానిలో సగం కూడా తూగదు. గాలి బండి పేరుని బట్టి ఉండదు, మోసే బరువుని బట్టి ఉంటుంది. ఆయన బండి బరువుకి సరిపోయిన అంకె మీ టైరుకి ఎక్కువ. కోపంతో దించిన అంకె ఏ టైరుకీ సరిపోదు."

ఇన్నేళ్ళ పనిలో నేను ఒక కస్టమరుకి చెప్పిన అతి పొడవైన మాట అదే అనుకుంటాను. గురయ్య కేలెండరు వైపు చూడలేదు. చివరి దాకా విన్నాడు. చెప్పడం అయ్యాక నాకే వినపడింది ఏం చెప్పానో. పక్కవాడి బండి మీది అంకె చూసి తన టైరు కొలుచుకున్న మనిషి నా ఎదురుగా ఉన్నాడు. నేను నాలుగేళ్ళుగా పక్క స్టూలు వైపు చూస్తూ కొలుచుకుంటున్నాను. సుధాకర్ మోసేది వేరు, నేను మోసేది వేరు. అతను పది మంది మధ్య ఒక మాటని ఎత్తి నిలబెట్టగలడు. నేను ఒక చక్రం దగ్గర మోకాళ్ళ మీద కూర్చోగలను. ఎల్లాజీ బండి ఆ రెంటిలో ఏది లేకపోయినా ఉప్పునీళ్ళలోనే ఉండేది. ఈ కేసు నాకు నేర్పింది ఇదే. నేర్చుకోవడం వేరు, మంట తగ్గడం వేరు. తగ్గిందని చెప్పను.

"మరి నా దానికెంత?" అన్నాడు గురయ్య.

"జీపు తీసుకురండి. మీరు ఎప్పుడూ వేసే సరుకు వేసుకుని, ఎక్కించుకునే మనుషుల్ని ఎక్కించుకుని రండి. చూసి చెప్తాను."

"రేపే తెచ్చీత్తాను." రెండడుగులేసి, గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు. "సుధాకర్ బావ కూడా ఉంటాడు కదా?"

"ఉంటాడు," అన్నాను.

అతను వెళ్ళాక జేబులోంచి గేజ్ తీశాను. దేనికీ తగిలించకుండా, వెలుతురులో పెట్టి చూశాను. ముల్లు సున్నా మీద ఉందా లేదా అని.